నంపులా కాటా దగ్గర విన్న స్వాతంత్ర్య పోరాటం

పలాస, కాశీబుగ్గ వైపు జీడి ఫ్యాక్టరీల్లో పనిచేసిన వాళ్లకి మొజాంబిక్ అనే పేరు కొత్త కాదు. ఉద్దానం తోటల పిక్క మా ఫ్యాక్టరీలకి ఏడాదంతా సరిపోదు. మిగతాది ఆఫ్రికా నుంచి ఓడల్లో రావాల్సిందే. బస్తా విప్పి గుప్పెడు పిక్కలు చేతిలోకి తీసుకుంటే ఇది ఏ దేశం సరుకో మా మేస్త్రీలు చెప్పేవారు. నాకూ అంతే తెలుసు ఆ దేశం గురించి. అక్కడ ఒకప్పుడు బుడతకీచులు, అంటే పోర్చుగీసు వాళ్లు, పాలించారని, పదేళ్ల పాటు అడవుల్లో యుద్ధం జరిగిందని, అందులో పోరాడిన మనిషి పక్కనే నిలబడి నేను కొన్ని సీజన్లు పిక్కలు తూస్తానని అప్పట్లో ఊహించలేదు.

2000ల మొదట్లో పిక్క కొనే పని మీద నన్ను నంపులా పంపించారు. మొజాంబిక్ ఉత్తరాన, సముద్రానికి లోపలగా ఉంటుంది ఆ ఊరు. చుట్టూ ఒంటరిగా నిలబడిన నల్లటి రాతి కొండలు. నకాలా రేవుకి రైలు మార్గం ఉంది. అక్టోబర్ దాటాక పిక్క రాలడం మొదలవుతుంది, ఫిబ్రవరి నాటికి సందడి అయిపోతుంది. ఆ నాలుగైదు నెలలూ మాకు తిండీ నిద్రా ఉండవు. పల్లెల నుంచి సైకిళ్ల మీద, చిన్న లారీల మీద బస్తాలు వస్తాయి. ప్రతి లాట్‌లోంచీ కొన్ని పిక్కలు తీసి కోసి చూడాలి, లోపల పప్పు ఎంత నిండుగా ఉంది, ఎంత మచ్చ పడింది అని. ఆ తర్వాత ఆరబెట్టడం, తూకం, కుట్టడం.

ఏరడం, ఆరబెట్టడం చేసే ఆడవాళ్ల మీద పెద్దగా ఉండే ఆవిడని అందరూ మమా అనేవాళ్లు. అక్కడ పెద్ద వయసు ఆడవాళ్లని అలాగే పిలుస్తారు. నేనూ అలాగే పిలిచాను. ఆవిడ నన్ను ఫిల్యూ అనేది, కొడుకా అన్నట్టు. యాభై దాటిన మనిషి. నడుముకి కపులానా గుడ్డ, తలకి ఇంకో గుడ్డ, మొహం మీద మకొండె జాతి వాళ్లు వేయించుకునే పాతకాలపు పచ్చబొట్టు గీతలు. నంపులా మకువా జాతి వాళ్ల ఊరు. ఆవిడది మాత్రం ఇంకా ఉత్తరాన టాంజానియా సరిహద్దు దగ్గర కాబో డెల్గాడో రాష్ట్రం, ముయెద పీఠభూమి మీద ఒక పల్లె.

మమాకి ఒక అలవాటు ఉండేది. కాటా మీదకి బస్తా ఎక్కగానే ఎంత పనిలో ఉన్నా వచ్చి ముల్లు చూసేది. మా తూకం అయినా, రైతు తెచ్చిన తూకం అయినా అంతే. మొదట్లో నాకు చిరాకుగా ఉండేది. ఒకరోజు అడిగేశాను, ఎందుకు మమా ప్రతిసారీ చూస్తావని. అప్పుడు మొదలైంది పత్తి కథ.

పోర్చుగీసు వాళ్లు 1930ల చివర్లో ఉత్తర మొజాంబిక్ అంతటా పత్తి నిర్బంధం చేశారు. పోర్చుగల్ బట్టల మిల్లులకి చవగ్గా పత్తి కావాలి. ప్రాంతాలని కంపెనీలకి పంచి ఇచ్చారు. ఒక్కో ఇల్లు ఇంత నేలలో పత్తి వేయాలి, దాన్ని ఆ కంపెనీకే అమ్మాలి, ధర సర్కారు చెప్పినంతే. మగవాళ్లని వెట్టికి, తోటలకి, రోడ్లకి తోలుకుపోతే పత్తి చేను ఆడవాళ్ల నెత్తిన పడేది. జొన్న, కర్రపెండలం వేసుకునే వేళకి పత్తిలో కలుపు తీయాలి. దాంతో ఇంట్లో గింజ ఉండేది కాదు. చెప్పినంత పండించకపోతే పల్మతోరియా అనే చిల్లుల చెక్కతో అరచేతుల మీద కొట్టేవాళ్లు. చిల్లుల్లోకి చర్మం లాక్కుపోయి వాచిపోయేది. కొన్నిచోట్ల రైతులు విత్తనాలని ముందే వేయించి నాటేవారట, ఈ నేలలో పత్తి మొలవదని అధికారులని నమ్మించడానికి. నేను తర్వాత చదివిన పుస్తకాల్లోనూ ఈ సంగతి కనిపించింది.

మమా చిన్నప్పుడు వాళ్లమ్మ వెనకాల పత్తి మూట ఎత్తుకుని సంతకి నడిచేదట. అక్కడ కంపెనీ మనిషి కాటా మీద ఏం చదివితే అదే లెక్క. చదవడం రాని వాళ్లు మారుమాట్లాడలేరు. మాట్లాడితే పక్కనే పోలీసు బంటు ఉంటాడు. ఆ కాటా ముందు వాళ్లమ్మ తల దించుకుని నిలబడటం ఆవిడకి బాగా గుర్తు. నేను ఆ తర్వాత ఎప్పుడూ ఆవిడని ముల్లు చూడొద్దని అనలేదు.

మా గోడౌన్‌లో ఒక క్యాలెండర్ ఉండేది. సెలవు రోజులు ఎర్రగా ఉండేవి. సీజన్ పీక్‌లో ఎర్ర తేదీ వస్తే మాకు టెన్షన్, లోడింగ్ ఆగిపోతుందని. కానీ ఆ దేశ చరిత్ర నాకు వచ్చింది ఆ ఎర్ర తేదీల నుంచే. ఫిబ్రవరి 3 ఏంటి, ఏప్రిల్ 7 ఏంటి అని అడుగుతూ పోతే ఒక్కొక్కటీ ఒక మనిషి దగ్గరికో ఒక ఊరి దగ్గరికో తీసుకెళ్లేది.

అయితే మమాకి అన్నిటికంటే పెద్ద తేదీ ఆ క్యాలెండర్‌లో ఎర్రగా లేదు. అది జూన్ 16. 1960లో ఆ రోజు ముయెదలో పోర్చుగీసు అధికారి కచేరీ ముందు జనం పోగయ్యారు. టాంగన్యీకాలో (ఇప్పటి టాంజానియా) సిసల్ నార తోటల్లో పనిచేసి వచ్చిన మకొండె వాళ్లు అక్కడి స్వాతంత్ర్యపు గాలి తెచ్చారు. మా మీద మేమే పెత్తనం చేసుకుంటాం, సరిగ్గా బతకనివ్వండి అని అడగడానికి వచ్చిన జనం అది. మాట్లాడటానికి ముందుకొచ్చిన వాళ్లని పట్టుకున్నారు. జనం గోల చేశారు. తుపాకులు పేలాయి. ఆరు వందల మందికి పైగా పోయారని, ఆ తర్వాత స్వాతంత్ర్య పోరాటం నడిపిన ఫ్రెలిమో సంస్థ చెప్పే లెక్క. అంత మంది కాదని వాదించే చరిత్రకారులూ ఉన్నారు. మమాకి అంకెతో పని లేదు. ఆవిడ మేనమామ ఆ పొద్దున ఇంట్లోంచి వెళ్లి తిరిగి రాలేదు. ఆ రాత్రి ఊళ్లో ఎవరూ పొయ్యి వెలిగించలేదని, పిల్లలని తీసుకుని అడవిలోకి దిగిపోయారని చెప్పేది.

రెండేళ్ల తర్వాత, 1962 జూన్ 25న, టాంగన్యీకాలోని దార్ ఎస్ సలామ్‌లో మూడు సంఘాలు కలిసి ఫ్రెలిమో అయ్యాయి. అధ్యక్షుడు ఎడువార్దు మొండ్లానె. దక్షిణాన గాజా ప్రాంతం మనిషి, అమెరికాలో డాక్టరేట్ చేశాడు, ఐక్యరాజ్య సమితిలో పనిచేశాడు, సిరక్యూస్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పాడు. హాయిగా అక్కడే ఉండిపోవచ్చు. వచ్చేశాడు. అక్కడి నాయకుడు నైరేరే తన దేశంలో చోటిచ్చాడు. మొదటి దళాలు అల్జీరియాలో శిక్షణ పొందాయి. 1964 సెప్టెంబర్ 25న కాబో డెల్గాడోలోని షాయి అనే చిన్న ఊళ్లో మొదటి తూటా పేలింది. అప్పటికి వాళ్ల దగ్గర శిక్షణ పొందిన సైనికులు రెండు వందల యాభై మంది చిల్లర. అటు పక్క నాటోలో సభ్యత్వం ఉన్న దేశం, విమానాలు, నాపామ్.

నాకు యుద్ధం అంటే తుపాకులే గుర్తొచ్చేవి. మమా చెప్పిన యుద్ధం నిండా బరువులు మోయడమే. రొవుమా నది టాంజానియాకీ మొజాంబిక్‌కీ సరిహద్దు. ఆయుధాలు నది అవతల దిగుతాయి. అక్కడి నుంచి రోడ్లు లేవు, లారీలు లేవు, ఉన్నా విమానాలు చూస్తాయి. చీకట్లో చెక్క దోనెల మీద నది దాటించి, పెట్టెలు తల మీద పెట్టుకుని రోజుల తరబడి నడవాలి. ముందు ఒకరు, వెనక ఒకరు, మధ్యలో దగ్గు వచ్చినా గుడ్డ నోట్లో కుక్కుకోవాలి. మమా పద్నాలుగు పదిహేనేళ్ల వయసులో మోత దళంలో చేరింది. 1967లో ఫ్రెలిమో ఆడవాళ్ల దళం పెట్టాక తుపాకీ శిక్షణ కూడా పొందింది గానీ, ఎక్కువ నడిచింది మోతతోనే.

ఇక్కడ నన్ను కట్టిపడేసిన సంగతి ఒకటి ఉంది. ఆ నడక తిరుగు ప్రయాణంలో ఖాళీగా ఉండేది కాదట. పోర్చుగీసు వాళ్లు వదిలి వెళ్లిన ప్రాంతాల్లో జనానికి ఉప్పు కావాలి, సబ్బు కావాలి, గుడ్డ కావాలి, గునపం కావాలి. వెనకటి దుకాణాలు మూతపడ్డాయి. అందుకని ఊళ్లలో పండిన వేరుశనగ, నువ్వులు, తేనెమైనం, జీడి పిక్కలు తల మీద పెట్టుకుని రొవుమా దాటించేవాళ్లు. టాంజానియాలో అమ్మి, ఆ డబ్బుతో సరుకులు కొని మళ్లీ మోసుకొచ్చేవాళ్లు. నేను ఓడలకెక్కిస్తున్న పిక్కనే ఈవిడ పదహారేళ్ల పిల్లగా స్వాతంత్ర్యం కోసం మోసింది. ఆ మాట విన్న రోజు నేను పని మానేసి చాలాసేపు ఆవిడ పక్కనే కూర్చున్నాను.

ఈ వ్యాపారం మీదే ఉద్యమంలో పెద్ద గొడవ వచ్చింది. కాబో డెల్గాడోలో ఫ్రెలిమో తరఫున పెత్తనం లాజారు న్కవందామెది. 1950లలో పత్తి రైతులని సహకార సంఘంగా కూడగట్టిన పెద్దమనిషి, మకొండె జనంలో గొప్ప పలుకుబడి. విముక్త ప్రాంతాల వ్యాపారం కూడా అతని చేతిలో, అతని మనుషుల చేతిలో ఉండేది. జనం పంటకి తక్కువ ఇచ్చి, తెచ్చిన సరుకులకి ఎక్కువ లాగుతున్నారని యువ సైనికులు తిరగబడ్డారు. పోర్చుగీసు దుకాణదారుడి బదులు మనవాడే కాటా పట్టుకుంటే చాలా, లేక కాటా కూడా సరిగ్గా ఉండాలా అన్నదే అసలు తగువు. 1969 మొదట్లో అతన్ని పదవి నుంచి తీసేశారు. అతను వెళ్లి పోర్చుగీసు వాళ్లకి లొంగిపోయాడు. సొంత జాతి పెద్ద అలా చేశాడని చెప్పేటప్పుడు మమా గొంతు గట్టిపడేది. చరిత్ర పుస్తకాలు దీన్ని రెండు సిద్ధాంతాల ఘర్షణ అని రాస్తాయి. నేను వ్యాపారం చేసేవాణ్ణి, నాకు మాత్రం ఆవిడ చెప్పిన ఉప్పు ధర లెక్కలోనే అది స్పష్టంగా అర్థమైంది.

ఆ గొడవల మధ్యనే 1969 ఫిబ్రవరి 3న దార్ ఎస్ సలామ్‌లో మొండ్లానెకి పోస్టులో ఒక పుస్తకం పార్సిల్ వచ్చింది. విప్పగానే పేలింది. నేను అడిగిన మొదటి ఎర్ర తేదీ అదే, వీరుల దినం. మేం లారీలు ఆపుకుని కూర్చుంటే ఊళ్లో చౌక్ దగ్గర పూలగుచ్ఛాలు పెట్టేవాళ్లు, పాత సైనికులు పతకాలు తగిలించుకుని వచ్చేవాళ్లు. మమా ఇస్త్రీ చేసిన కపులానా కట్టుకుని వెళ్లేది.

ఏప్రిల్ 7 జోసినా మషెల్ పోయిన రోజు. రాజధాని లౌరెన్సు మార్కెస్‌లో (ఇప్పటి మపూతో) చదువుకుంటూ 1964లో దేశం దాటబోయి రొడీషియాలో (ఇప్పటి జింబాబ్వే) పట్టుబడింది. జైల్లో పెట్టి, తిరిగి ఇంటికి పంపారు. మరుసటి ఏడాది మళ్లీ బయలుదేరి దార్ ఎస్ సలామ్ చేరింది. ఆడవాళ్ల దళంలో పనిచేసింది, యుద్ధంలో తల్లిదండ్రులు పోయిన పిల్లల కోసం శిశు కేంద్రాలు నడిపింది, ఫ్రెలిమో నాయకుడు సమోరా మషెల్‌ని పెళ్లి చేసుకుంది. జబ్బుపడి 1971లో ఇరవై అయిదేళ్లకే పోయింది. ఆ రోజు నంపులా వీధుల్లో ఆడవాళ్లంతా ఒకే రకం కపులానాలు కట్టి పాటలు పాడుతూ నడుస్తారు. మమా ఒకసారి ఆమెని దగ్గరగా చూసిందట. ఏం మాట్లాడిందని అడిగితే, పిల్లలకి ఏం పెడుతున్నారని అడిగిందని చెప్పింది.

సమోరా మషెల్ ఆసుపత్రిలో నర్సు. నల్ల నర్సుకి ఒక జీతం, తెల్ల నర్సుకి ఇంకో జీతం. అక్కడ మండింది ఆయనకి. మొండ్లానె పోయాక 1970లో ఫ్రెలిమో అధ్యక్షుడయ్యాడు. అదే ఏడాది పోర్చుగీసు జనరల్ కౌల్జా ద అరియాగా దాదాపు 35 వేల మంది సైనికులతో ఉత్తరాన్ని చుట్టేశాడు. ఊళ్లు తగలబెట్టి జనాన్ని కంచెల మధ్య గూడేల్లోకి తోలారు. గెరిల్లాలు ఆ దెబ్బ కాచుకుని, పడమర తెతె వైపు, జాంబెజీ మీద కడుతున్న కహోరా బస్సా డ్యామ్ చుట్టుపక్కలకి యుద్ధాన్ని జరిపారు. 1972 డిసెంబర్ 16న ఆ తెతెలోనే విరియాము అనే ఊళ్లో సైనికులు పిల్లా పెద్దా తేడా లేకుండా చంపేశారు. దాదాపు నాలుగు వందల మంది. అక్కడి క్యాథలిక్ ఫాదర్లు పోయిన వాళ్ల పేర్లు ఒక్కొక్కటీ రాసుకున్నారు. 1973 జూలైలో పోర్చుగల్ ప్రధాని లండన్ వెళ్లబోతుండగా ఆ సంగతి అక్కడి పత్రికలో వచ్చి ప్రపంచానికి తెలిసింది. పేర్లు రాసి ఉంచిన ఆ ఫాదర్ల మీద నాకు చాలా గౌరవం. వాళ్లు రాయకపోతే అలాంటి ఊరే లేదని సర్కారు అనేసేది.

మన దేశంతో ఉన్న ముడి నాకు తెలిసింది నంపులాలో ఒక గుజరాతీ దుకాణంలో. 1961 డిసెంబర్‌లో మన సైన్యం గోవాని విడిపించింది. ఆ కోపం పోర్చుగల్ నియంత సలజార్ మొజాంబిక్‌లోని భారతీయుల మీద తీర్చుకున్నాడు. మన పాస్‌పోర్టు ఉన్న వాళ్లని శిబిరాల్లో పెట్టి, దుకాణాలు స్వాధీనం చేసుకుని, దేశం నుంచి పంపేశారు. ఆ దుకాణం పెద్దాయన తండ్రి కూడా అలా శిబిరంలో ఉన్నవాడే. ఇంకో వైపు గోవాలో పుట్టిన అకీనో ద బ్రగాన్సా అనే మేధావి సమోరాకి ఎంతో నమ్మకమైన సలహాదారు. 1986 అక్టోబర్ 19న దక్షిణాఫ్రికా గడ్డ మీద, అప్పటికి మొజాంబిక్ అధ్యక్షుడిగా ఉన్న సమోరా విమానం కూలినప్పుడు అందులో ఆయనా పోయారు. ఇలాంటి మనిషి పేరు మన బడి పుస్తకాల్లో ఉండాలి.

ఆఖరికి తాళం లిస్బన్‌లోనే విరిగింది. అంగోలా, గినీ బిస్సావు, మొజాంబిక్, మూడు చోట్లా యుద్ధం చేసి పోర్చుగల్ బడ్జెట్‌లో దాదాపు 40 శాతం దానికే పోయేది. కుర్రాళ్లు ఏళ్ల తరబడి అడవుల్లో చచ్చిపోతున్నారు. 1974 ఏప్రిల్ 25న వాళ్ల సొంత అధికారులే నియంతృత్వాన్ని కూలదోశారు. సెప్టెంబర్ 7న జాంబియా రాజధాని లుసాకాలో ఫ్రెలిమోతో ఒప్పందం. అదీ ఎర్ర తేదీయే. మరుసటి ఏడాది మే చివర్లో సమోరా రొవుమా దాటి కాబో డెల్గాడోలో అడుగుపెట్టి, దేశం ఆ చివర నుంచి ఈ చివరకి ఊరూరా మాట్లాడుకుంటూ రాజధానికి వెళ్లాడు. 1975 జూన్ 25న, ఫ్రెలిమో పుట్టిన తేదీనే, మషావా స్టేడియంలో స్వాతంత్ర్యం ప్రకటించాడు.

సమోరా తమ వైపు వచ్చినప్పుడు మమా జనంలో ఉంది. ఉపన్యాసం ఎక్కువ గుర్తు లేదంది. ఆ రాత్రి పొయ్యి మీద పెద్ద మంట పెట్టి వండుకోవడం గుర్తుందంది. పదేళ్లుగా పొగ కనిపిస్తే విమానం వస్తుందని భయపడిన వాళ్లు, ఇష్టం వచ్చినట్టు పొగ పెట్టుకున్నారు. ఆ మాట చెబుతూ ఆవిడ నవ్విన నవ్వు నేనెప్పుడూ మర్చిపోను.

తర్వాత జరిగినదంతా సంతోషం కాదు. 1977 నుంచి 1992 దాకా అంతర్యుద్ధం, ముందు రొడీషియా, తర్వాత దక్షిణాఫ్రికా ఎగదోసిన యుద్ధం, పది లక్షల మంది దాకా పోయారు. ఫ్రెలిమో కూడా తప్పులు చేసింది. ఒకప్పుడు ఉపాధ్యక్షుడిగా ఉన్న ఉరియా సిమాంగోని విచారణ లేకుండా చంపేశారు. ఈ సంగతి ఎత్తితే మమా మాట మార్చేది, నేను ఒత్తిడి చేసేవాణ్ణి కాదు. 1970ల మొదట్లో ప్రపంచంలోనే ఎక్కువ జీడి పండించిన దేశం కుదేలైపోయింది. 1990లలో ప్రపంచ బ్యాంకు పట్టుబట్టి పచ్చి పిక్క ఎగుమతి మీద ఆంక్షలు సడలింపజేసింది. అక్కడి పెద్ద ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, వేలాది మంది పని పోయింది, చాలామంది ఆడవాళ్లే. పిక్క మన దేశానికి వచ్చింది. నా ఉద్యోగం దాని మీదే నడిచింది. మమా కూడా అంగోషెలో అలా మూతపడ్డ ఒక ఫ్యాక్టరీలోంచి వచ్చిన మనిషే. మా సరుకు కొలిచేటప్పుడు ఆవిడ అంత పట్టుదలగా ఎందుకు నిలబడేదో ఈ వరసలో చూస్తే తెలుస్తుంది. కంపెనీ కాటా, న్కవందామె కాటా, బ్యాంకు కాటా, ఆ తర్వాత మాది.

1967 తర్వాత మా ఉద్దానంలో, ఏజెన్సీలో కూడా రైతులు భూమి గురించి, షావుకార్ల లెక్కల గురించి లేచారు. మా ఇంట్లో పెద్దవాళ్లు ఆ రోజుల గురించి గొంతు తగ్గించి మాట్లాడేవారు. మమాకి ఆ సంగతి చెప్పాను. వాళ్లు గెలిచారా అని అడిగింది. లేదు అన్నాను. మరి కాటా ఇప్పుడు సరిగ్గా ఉందా అని అడిగింది. కొంత ఉందన్నాను.

నేను తిరిగొచ్చేసి చాలా ఏళ్లయింది. అప్పుడప్పుడు ఫోన్‌లో మాట్లాడతాం, మధ్యలో ఆవిడ మనవరాలు సాయం చేస్తుంది, నా పోర్చుగీసు మరీ అరిగిపోయింది. 2017 నుంచి కాబో డెల్గాడోలో మళ్లీ తుపాకులు. ఈసారి మతం పేరు చెప్పే సాయుధ ముఠాలు. మొసింబోవా ద ప్రాయియా, పల్మా, షాయి ఉన్న మకొమియా, అన్నీ దెబ్బ తిన్నాయి. ఒక దశలో దాదాపు పది లక్షల మంది ఊళ్లు వదిలారు. చాలామంది నంపులాకే వచ్చారు. మమా ఇంట్లో తమ్ముడి కుటుంబం, పక్కింటి వాళ్ల కుటుంబం కలిసి రెండు గదుల్లో ఉన్నారు. ఆ సముద్రం అడుగున దొరికిన గ్యాస్ ప్రాజెక్టులో మన ప్రభుత్వ చమురు కంపెనీల వాటా కూడా ఉందని పేపర్లో చదివి చెప్పాను. ఆ గ్యాస్ డబ్బులో ముయెద పిల్లలకి ఎంత వస్తుందో కనుక్కుని చెప్పమంది. కాగితాలు దొరికినంత వరకు చదువుతున్నాను. మనవరాలు నర్సింగ్ రెండో ఏడాదిలో ఉంది, ఆ లెక్కలు పోర్చుగీసులో చదివి మమాకి చెప్పే పని తనకి అప్పగించాను.